చేతులు ఎక్కడున్నాయండీ?

చేతుల మాస్టారుకి ఈ లోకంలో నమ్మకం లేనిది ఒక్కటే, మనిషి చేయి. నోటిని నమ్ముతాడు, కళ్ళని నమ్ముతాడు, ఫోన్లో పచ్చి అబద్ధమాడే కస్టమరుని కూడా పాపమని నమ్ముతాడు. అప్‌డేట్ నడుస్తున్న పెట్టెకి జానెడు దూరంలో ఎవరి చేయి ఉందన్నా మాత్రం ఆయనకి ముచ్చెమటలు పడతాయి. అందుకే ఫోనెత్తి వివరాలు రాసుకోగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న, "చేతులు ఎక్కడున్నాయండీ?"

ఆయన కస్టమర్ల ఫోన్లు అందుకునే కంపెనీ తయారుచేసేది కెమెరాకి తగిలించుకునే వీడియో రికార్డరు. అరచేతికంటే కాస్త పెద్ద పెట్టె, ముందువైపు తెర. సినిమాలవాళ్ళూ, ఆటల పోటీలు తీసేవాళ్ళూ, అడవుల్లో పిట్టల వెంట తిరిగేవాళ్ళూ కొంటారు. ఏడాదికి రెండు మూడుసార్లు దాని లోపలి ప్రోగ్రాం మార్చుకోవాలి. కొత్త ఫైలు వేసిన కార్డు పెట్టెలో పెట్టి బటను నొక్కితే, తెరమీద ఒక గీత ఎడమనుంచి కుడికి నిండుతూ పోతుంది. నూటికి చేరితే పెట్టె తనంతట తను ఆగి, తనంతట తను లేస్తుంది. మధ్యలో కరెంటు తీసేస్తే మాత్రం రాయైపోతుంది. ఆ తర్వాత తలుపు కింద ఆనించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

చిక్కల్లా తొంభై మూడు దగ్గర. అక్కడికొచ్చి గీత ఆగిపోతుంది. పాడై కాదు, లోపల పని ఎక్కువై. నాలుగు నిమిషాలు కదలదు, మెదలదు. మర్నాడు షూటింగు పెట్టుకున్నవాడికి ఆ నాలుగు నిమిషాలు ఒక యుగం. మొదటి నిమిషం గుడ్లప్పగించి చూస్తాడు. రెండో నిమిషం పెట్టెని తడతాడు. మూడో నిమిషం వైరు పీకి మళ్ళీ పెడతాడు. అంతే సంగతులు. మాన్యువల్లో పెద్ద అక్షరాలతో రాశారు గానీ, మాన్యువల్ చదివే మనిషిని మాస్టారు తన ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్కణ్ణే చూశాడు. ఆయన కూడా తప్పులు దిద్ది తిరిగి పంపడానికే చదివాడు.

ఒకసారి పేరుమోసిన కెమెరామన్ ఫోన్ చేశాడు.

"ముప్పై సినిమాలు తీశానండి నేను. నాకు చేతుల గురించి చెబుతారా?"

"చాలా సంతోషమండీ. ఎక్కడున్నాయవి?"

"మోకాళ్ళ మీద."

"రెండూనా?"

"ఒకటి."

"రెండోదాన్ని కూడా పిలవండి. తొందరేం లేదు, నేనున్నాను."

పిట్టల వీడియోలు తీసే ఒకావిడకైతే సరిగ్గా తొంభై మూడు దగ్గర ముక్కు దురద పెట్టింది. "పక్కన ఎవరున్నారమ్మా?" అని అడిగాడు మాస్టారు. "మావారు." "ఆయన్ని గోకమనండి." రెండు క్షణాల తర్వాత ఆయనకి గుండె గుభేలుమంది. "అన్నట్టు, ఆయన రెండో చేయి ఎక్కడుందమ్మా?"

గీత ఆగిన ఆ నాలుగు నిమిషాలూ మాస్టారు కబుర్లు చెప్పిస్తాడు. ఏం తీశారు, ఎక్కడ తీశారు, వానొచ్చిందా, ఇంట్లో పెద్దావిడ మోకాళ్ళెలా ఉన్నాయి. కస్టమరు మాటల్లో పడి వైరు సంగతి మరిచిపోతాడు. గీత నూటికి చేరగానే, "ఇక మీ చేతులు మీవి" అని ఫోన్ పెట్టేస్తాడు.

ఈ వైభోగమంతా కొత్త మేనేజరమ్మ వచ్చేదాకా సాగింది. ఆవిడ చెడ్డది కాదు, లెక్క మనిషి. వచ్చిన వారానికే కాల్స్ లెక్క తీసింది. అందరి సగటు తొమ్మిది నిమిషాలు. మాస్టారుది నలభై ఒకటి. ముందు మిషను పాడైందనుకుని ఇంకోసారి తీసింది. ఈసారి నలభై రెండొచ్చింది.

అది పోనీ అనుకుంటే, రిపేరు గది రిజిస్టరు ఇంకా ఘోరంగా ఉంది. రాయైపోయి వచ్చిన ప్రతి పెట్టెకీ అందులో కారణం రాస్తారు. పంతొమ్మిదింటికి ఒకే కారణం, ఒకే దస్తూరి: 'నేను సరిగ్గా చెప్పలేదు. చేతుల మాస్టారు.' ఇంకెవరి పేరు పక్కనా ఒక్కటీ లేదు. అంటే ఈయన అందరికంటే ఎక్కువసేపు మాట్లాడి, అందరికంటే ఎక్కువ పెట్టెలు చంపుతున్నాడన్నమాట. మేనేజరమ్మ తల పట్టుకుంది.

యజమాని ఆ లెక్క చూసి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "శుక్రవారంలోగా పది నిమిషాలకి దిగాలి. లేదంటే ప్యాకింగు గదికి పంపించు. అక్కడ ఫోనుండదు."

ఫోన్ లేని మాస్టారుని ఊహించుకుంటే మేనేజరమ్మకే బాధేసింది. దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. "తప్పకుండానమ్మా. పది నిమిషాలంటే పది నిమిషాలే."

మర్నాడు ఆవిడ స్టాప్‌వాచీ పట్టుకుని వెనకాల నిలబడింది. తొమ్మిదో నిమిషానికి గీత తొంభైకొచ్చింది. మాస్టారు గడియారం చూశాడు, ఆవిణ్ణి చూశాడు, గుటకేశాడు. "ఉంటానండీ" అని ఫోన్ పెట్టేశాడు. మేనేజరమ్మ మెచ్చుకోబోయేలోగా ఆయన నీళ్ళసీసా తీసుకుని మెట్ల దగ్గరికి నడిచాడు. అనుమానమొచ్చి వెనకే వెళ్ళింది. మెట్లమీద కూర్చుని సొంత సెల్లులో మాట్లాడుతున్నాడు. "నేనేనండీ. లైను కట్టయింది. చేతులు ఎక్కడున్నాయి?"

ఆవిడకి నవ్వొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందు చూపించాలో తెలియక వెనక్కొచ్చేసింది. లెక్కలో మాత్రం పది నిమిషాలనే రాసుకుంది. ఉద్యోగంలో అది ఆవిడ రాసిన మొదటి దొంగలెక్క.

శుక్రవారం మధ్యాహ్నం ఒక పెద్ద టీవీ ఛానెల్‌వాళ్ళు వచ్చారు. నచ్చితే రెండొందల పెట్టెలు కొంటారు. అప్‌డేట్ చేయడం ఎంత తేలికో తానే చూపిస్తానని యజమాని పట్టుపట్టాడు. షోరూములో అందరి ముందూ కార్డు పెట్టి బటను నొక్కాడు. గీత చకచకా నడిచింది. యజమాని చకచకా మాట్లాడాడు. తొంభై మూడు దగ్గర ఇద్దరూ ఆగిపోయారు.

ఒక నిమిషం గడిచింది. వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెండో నిమిషంలో యజమాని నవ్వు వాడిపోయింది. ఆయన కుడిచేయి, ఎవరూ చెప్పకుండానే, బల్లమీదుగా వైరువైపు పాకుతోంది.

"అయ్యా," అని తలుపు దగ్గర్నుంచి వినిపించింది. "చేతులు ఎక్కడున్నాయండీ?"

యజమాని ఉలిక్కిపడి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. బడిపిల్లాడు కూడా అంత చక్కగా కూర్చోడు. మాస్టారు లోపలికొచ్చి ఛానెల్‌వాళ్ళ వైపు తిరిగాడు. "మీవి కూడానండీ. ఇంకో రెండు నిమిషాలు. ఈలోగా చెప్పండి, మొన్నటి ఫుట్‌బాల్ ఫైనల్ మీరే తీశారటగా, ఆ వానలో కెమెరాలెలా కాపాడుకున్నారు?" ఆరుగురు పెద్దమనుషులు చేతులు ఒళ్ళో పెట్టుకుని వాన గురించి చెప్పుకొచ్చారు. వాన ఇంకా వెలవకముందే గీత నూటికి చేరింది. పెట్టె తనంతట తను ఆగి, తనంతట తను లేచింది.

"ఫోన్ చేస్తే ఈయనే మాట్లాడతారా?" అడిగాడు వాళ్ళలో పెద్దాయన.

"ఈయనే," అంది మేనేజరమ్మ, యజమాని నోరు తెరవకముందే.

"అయితే రెండొందలు కాదు, మూడొందలు పంపండి."

వాళ్ళు వెళ్ళాక యజమాని తేరుకుని బింకం తెచ్చుకున్నాడు. "అంతా బాగానే ఉంది గానీ, రిజిస్టరు మాటేమిటి? పంతొమ్మిది పెట్టెలు." రిపేరు గదిలో పనిచేసే అక్కని పిలిపించి, రిజిస్టరు తెప్పించి, పైకి చదవడం మొదలెట్టాడు. పంతొమ్మిదీ అయ్యాక పేజీ తిప్పాడు. "ఇరవై. ఇవాళ ఉదయం. కారణం: నేను సరిగ్గా చెప్పలేదు. చేతుల..." అక్కడ ఆయన గొంతు తొంభై మూడు దగ్గర గీతలా ఆగిపోయింది.

"ఆ పెట్టె ఎవరిది?" అని మేనేజరమ్మ అక్కనడిగింది.

అక్కకి దాపరికం తెలియదు. "అయ్యగారి బల్లమీదిదే. పొద్దున ప్రాక్టీసు చేస్తూ వైరు పీకేశారు. కాగితంలో చుట్టి, ఎవరో కస్టమరుదని పంపించారు. అయ్యగారి పేరెలా రాయాలా అని నేను పెన్ను పట్టుకుని కూర్చుంటే మాస్టారొచ్చి రాసేశారు."

"మరి ఆ పంతొమ్మిది?"

"ఫోన్ల గదిలో కొత్తగా చేరిన పిల్లలందరివీనమ్మా. ఆగిపోయింది, ఏం చేయమంటారని కస్టమరు అడిగితే కంగారులో పీకెయ్యమంటారు. తర్వాత ఆ మెట్ల దగ్గర కూర్చుని ఏడుస్తారు. మాస్టారువంటూ ఒక్కటీ రాలేదు, ఇన్నేళ్ళలో."

మాస్టారు దొరికిపోయిన దొంగలా నీళ్ళు నమిలాడు. "మొదటి నెలలోనే పేరు పక్కన తప్పు పడితే ఎవరుంటారమ్మా ఉద్యోగంలో? నా పేరు పక్కన ఇంకోటి పడితే ఏం పోయింది. నేను చేరిన వారంలో నేనూ పీకించినవాణ్ణే. అప్పుడు నా బదులు ఒక పెద్దాయన రాసుకున్నాడు."

మేనేజరమ్మకి తన లెక్కల మీద తనకే సిగ్గేసింది, ఆయన మీద బోలెడంత ప్రేమ పుట్టింది. ఆవిడ యజమాని వైపు తిరిగింది. "అయ్యా, మీ చేతులు ఎక్కడున్నాయండీ?"

ఒళ్ళోనే ఉన్నాయి, ఆ పేజీ తిప్పినప్పట్నుంచీ. యజమాని వాటిలో ఒకదాన్ని మెల్లగా పైకి తీసి, పెన్ను అందుకుని, ఇరవయ్యోదాని పక్కన మాస్టారు పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. ప్యాకింగు గది మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి అప్‌డేట్‌లో మేనేజరమ్మ పట్టుబట్టి ఒక్క మార్పు చేయించింది. గీత తొంభై మూడు దగ్గర ఆగగానే తెరమీద పెద్ద అక్షరాలు వస్తాయి: 'చేతులు ఎక్కడున్నాయండీ?' ఇక తనకి ఫోన్లు రావని మాస్టారు ఆ రోజంతా కాస్త దిగులుగానే కూర్చున్నాడు.

నాలుగింటికి మొదటి ఫోన్ మోగింది. పిట్టలావిడ.

"మాస్టారూ, తెరమీద మీరు అడుగుతున్నారు. ఒళ్ళోనే ఉన్నాయని ఎక్కడ చెప్పాలో తెలియక మీకే చేశాను."

"మంచి పని చేశారమ్మా," అన్నాడు మాస్టారు, కుర్చీ దగ్గరికి లాక్కుని. "అయితే ఫోన్ ఎవరు పట్టుకున్నారు?"

"మావారు."

"రెండు చేతులతోనేనా?"