కూర్చునే చెప్పాలి

ఆమె ఆడవాళ్ళ వార్డులో ఆయా. దుప్పట్లు మార్చాలి, మలమూత్రాలు ఎత్తిపోయాలి, పిలిస్తే పరుగెత్తాలి. ఎవరు గట్టిగా పిలిస్తే ముందు వాళ్ళ దగ్గరికి. అలా ఏళ్ళు గడిచాయి. పని మానకుండానే నర్సు చదువు పూర్తి చేసింది. నర్సు కావడానికి ఇంకొక్క పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పినా, రాకపోయినా మళ్ళీ రాయనివ్వరు.

మందుల మోతాదులు ఆమెకు కొట్టిన పిండి. దెబ్బ తీసేది ఒక్క రకం ప్రశ్న. రోగులు కొందరుంటారు, ముందు ఎవరిని చూస్తావు? ఒకామె కాలు విరిగి కేకలు పెడుతుంటుంది. ఇంకొకామెకు ఒంట్లో చక్కెర పడిపోయి చెమటలు పడుతుంటాయి, మాట తడబడుతుంటుంది. వార్డులో ఆమె కాళ్ళు కేక వైపే వెళ్ళేవి. పరీక్షలో పెన్ను కూడా అటే వెళ్ళింది.

ఉపాయం తమ్ముడు చెప్పాడు. అతను దర్జీ. సాయంత్రం ముందుగదిలో కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, మధ్యగదిలోకి వచ్చి రోగి అయ్యేవాడు. అతని భార్య ఒక రోగి. అమ్మ ఒక రోగి.

"నువ్వు మాత్రం కుర్చీలోంచి లేవకూడదక్కా. కూర్చునే చెప్పాలి. లేచావంటే తప్పు రాసినట్టే."

"లేవని నర్సేమిట్రా?"

"పరీక్ష హాల్లో లేస్తే బయటికి గెంటుతారు తల్లీ!"

ఆమె చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేది. తమ్ముడు కాలు పట్టుకుని దొర్లేవాడు.

"అమ్మో, చచ్చాను! ఓ సిస్టరూ, నీకు కళ్ళు కనపడవా?"

"మెల్లగా ఏడవండి, పక్కింటివాళ్ళు నేనే కొట్టాననుకుంటారు," అనేది మరదలు.

"నీకు చక్కెర పడిపోయింది. నోరు మూసుకుని చెమట తుడుచుకో."

అమ్మకు నటన అక్కర్లేదు. ఆమె నూలుమిల్లులో పనిచేసింది. ఆ దుమ్ము ఆమె ఛాతీలోనే ఉండిపోయింది. ఊపిరి తీస్తే పిల్లికూతలు. "మీవన్నీ దొంగ జబ్బులు. నాకు రెండు మార్కులు ఎక్కువెయ్యాలి," అనేది. కూతురు తెల్లబట్టలు వేసుకుని వార్డులో తిరగడం చూడాలని ఆమె కోరిక.

పరీక్ష మంగళవారం. ఆదివారం పొద్దుటినుంచీ అమ్మకు ఆయాసంగా ఉంది. నోట్లోకి మందు పీల్చే పంపు వాడినా తగ్గలేదు.

"ఆస్పత్రికి పోదాం పదమ్మా."

"నీ పరీక్ష అవనీవే. ఇది నాకేమైనా కొత్తా?"

సాయంత్రం ఆటకు అందరినీ అమ్మే పిలిచింది.

తమ్ముడు దొర్లుతున్నాడు. మరదలు గోడకు జారగిలబడింది. అమ్మ కూత గదంతా వినిపిస్తోంది. కాసేపటికి సన్నబడింది. తర్వాత ఆగింది. అమ్మ ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, భుజాలు ఎగరేస్తోంది. నోరు తెరిచింది గాని ఏమీ అనలేదు.

"అత్తయ్య ఇవాళ మనందరినీ మించిపోయారు," అంది మరదలు.

"చెప్పక్కా, ముందెవరు?"

"అమ్మ. కూత ఆగింది. చూడ్డానికి తగ్గినట్టుంటుంది గాని, లోపలికి గాలే పోవట్లేదు. నిటారుగా కూర్చోబెట్టాలి. ఆక్సిజన్ పెట్టాలి. డాక్టర్ని పిలవాలి. తర్వాత చక్కెర పడిపోయినావిడ. నీ కాలు ఆఖర్న."

తమ్ముడు దొర్లడం మాని చప్పట్లు కొట్టాడు. ఆమె చేతులు తొడల కిందే ఉన్నాయి. మొదటిసారి అరుపును దాటుకుని వెళ్ళగలిగింది. ఆ సంతోషం ముఖంలో కనిపించింది. తమ్ముడు పుస్తకం అందుకుని పేజీ తిప్పాడు.

అమ్మ పక్కకు ఒరిగింది. మరదలు నవ్వుతూ లేపబోయి ఆగిపోయింది.

"వదినా, చెయ్యి చల్లగా ఉంది."

పెదవులు నీలంగా ఉన్నాయి.

తీసుకెళ్ళింది ఆమె పనిచేసే ఆస్పత్రికే. గొంతులో గొట్టం వేశారు. గుండె మళ్ళీ కొట్టుకుంది. ఆమె వార్డులోనే మంచం ఇచ్చారు. మెదడు మిగల్లేదన్నాడు డాక్టరు. కుర్రవాడు, మర్యాదస్తుడు.

"ఊపిరి శబ్దం ఎప్పుడాగిందమ్మా?"

"మేం చదువుకుంటున్నప్పుడు."

"మీకప్పుడు తెలియలేదా?"

"తెలిసింది."



మంగళవారం పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. రెండు రోజులుగా అక్క ముఖంలోకి చూడలేకపోతున్నాడు. అప్పుడూ చూడలేదు.

"వెళ్ళి రాసి రా అక్కా. అమ్మయినా అదే అనేది. ఇక్కడ నువ్వు చేసేదేముంది?"

"ఏమీ లేదు."

పుస్తకం కూడా అదే చెబుతుంది. బతికే ఆశ లేని మనిషి వరసలో చివర. అది ఆమెకు బాగా తెలుసు. అమ్మ పెదాల మీద తడిగుడ్డ అద్దుతూ అక్కడే ఉంది. పరీక్ష వేళ దాటిపోయింది. మధ్యాహ్నం అమ్మ పోయింది.

అమ్మను స్ట్రెచర్ మీదికి మార్చి తీసుకెళ్ళారు. తమ్ముడు వెంట వెళ్ళాడు.

"నువ్వూ వెళ్ళమ్మా. మంచం సంగతి ఇంకెవరైనా చూస్తారు," అంది హెడ్ నర్సు.

ఇంకెవరూ లేరు. రెండో ఆయా సెలవులో ఉంది. తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ఒక ముసలామె మంచం కోసం ఎదురుచూస్తోంది. కూతురే అమ్మ మంచం మీది దుప్పటి లాగింది. రబ్బరు షీటును మందునీళ్ళతో తుడిచి, తిరగేసి మళ్ళీ తుడిచింది. ఆరేదాకా పక్కన నిలబడింది. ఉతికిన దుప్పటి పరిచి మూలలు బిగించింది.

"రా పెద్దమ్మా," అని కుర్చీని లోపలికి తోసింది.