ఆ రోజు పిలిచింది మామయ్య కాదు

మామయ్య పోయారని సూర్యాపేట నుంచి మా ఆడబిడ్డ పొద్దున్నే ఫోన్ చేసింది. "వదినా, నాయిన లేస్తలేడు" అంది మొదట. తర్వాత అంతా ఏడుపే. మావారు చెప్పుల్లేకుండా మెట్లు దిగి, మళ్లీ పైకొచ్చి, చెప్పులు వేసుకుని, ఎక్కడికి బయల్దేరారో మరిచిపోయినట్టు గుమ్మంలో నిలబడ్డారు. నేను కడుగుతున్న పప్పునే మళ్లీ మళ్లీ కడుగుతూ ఉండిపోయాను.

మామయ్య అంటే మావారి నాన్నగారు. కోదాడలో చాలా ఏళ్లు ఫోటో స్టూడియో నడిపారు. అది మూసేశాక మిర్యాలగూడలో మా దగ్గరే ఉన్నారు. చివరి రెండు నెలలు మాత్రం సూర్యాపేటలో కూతురింట్లో గడిపారు. మా ఇంటి నుంచి ఒక నింద మోసుకుని వెళ్లారాయన. ఆ నింద నాది. ఆయన పోయేదాకా నేను నోరు విప్పలేదు. ఇది ఆయన స్మృతి అని చదవడం మొదలుపెట్టినవాళ్లు నన్ను మన్నించాలి, ఇందులో ఆయన మంచితనంతోపాటు నా పిరికితనం కూడా ఉంటుంది.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. మొహం మీద మొటిమ తీసేయమన్నా, పెళ్లికి రాని మేనత్తను గ్రూప్ ఫోటోలో నిలబెట్టమన్నా నాకు చిటికెలో పని. ఫోటో తీయడం మాత్రం రాదు. మా చిట్టి తొమ్మిదో తరగతి. ఫోన్లో వీడియోలు చూసి స్కేట్‌బోర్డ్ నేర్చుకుంది. మా వీధి చివర రైస్ మిల్లులో వడ్లు ఆరబోసే పెద్ద సిమెంటు కల్లం ఉంది. సీజన్ లేనప్పుడు ఖాళీ. ఆదివారాలు అదంతా దాని రాజ్యం. "అమ్మా, నేను ఎగిరేది ఫోటో తియ్యవా" అని నా ప్రాణాలు తోడేసింది. తీశాను. ఒకదాంట్లో కాళ్లు లేవు, ఒకదాంట్లో అసలు పిల్లే లేదు.

మావారికి ఆ ఆటంటేనే పడదు. మఠంపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ, వచ్చేసరికి అలసట, కోపం ముక్కు మీదుంటుంది. "పిల్లకేమన్నా అయితే ఆ చెక్క ఇరగ్గొడ్త, నీ కెమెరా గూడ ఇరగ్గొడ్త" అని ముందే చెప్పిపెట్టారు.

నా ఫోటోలు చూసి మామయ్య పడీ పడీ నవ్వారు. "గివేంది బిడ్డా, దొంగను తరుముకుంట తీసినవా?" అన్నారు. ఆ ఆదివారం భుజాన తువ్వాలు వేసుకుని నా వెంట కల్లానికి వచ్చారు. స్కేట్‌బోర్డ్‌ను ఆయన చివరిదాకా "చక్రాల చెక్క" అనే పిలిచారు. దాన్నెప్పుడూ చూడని మనిషి, దాని ఫోటో ఎలా తీయాలో నాకు నేర్పారు!

ముందు నన్ను ఊక దుమ్ములో కూర్చోబెట్టారు. "నిలబడి తీస్తే పిల్ల ఎగిరినట్టుండదు, నేలకు అతికినట్టుంటది." తర్వాత సుద్దముక్కతో ఒక గీత గీసి, ఫోకస్ దాని మీదే పెట్టమన్నారు. "పిల్ల ఎంబడి కెమెరా తిప్పకు. అది ఎగిరే జాగను పట్టుకో. పిల్ల గాడికే వస్తది." నాదేమో ఆల్బమ్‌లు చేసే చెయ్యి కదా, అన్నీ మొహం దగ్గరికి కత్తిరించే అలవాటు. అది చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "యాడ లేసింది, యాడ దిగుతది, రెండూ కనబడాలె. నేల కోసేస్తే ఇగ ఎగిరిందని ఎట్ల తెలుస్తది?"

ఎంత చెప్పినా నా వేలు ఆలస్యంగానే నొక్కేది. "తలంబ్రాలు జారినంక నొక్కితే కింద పడ్డ బియ్యమే వస్తయి. దోసిలి లేస్తున్నప్పుడే నొక్కాలె" అనేవారు. పెళ్లిళ్లలో, బ్యాండు మోతలో, వెనక నిలబడి స్టూడియో కుర్రాళ్ల భుజం తట్టి నొక్కించేవారట. కోడలి భుజం తట్టలేరు కదా. అందుకని నాలుగడుగులు వెనక నిలబడి, చిట్టి గీత దగ్గరికి వచ్చేముందు "ఊఁ" అని గొంతు సవరించేవారు. ఇంట్లో వంటగదిలోకి వచ్చేముందు కూడా అదే "ఊఁ". అలా ఎన్ని ఆదివారాలో. ఒకరోజు ఆయన అనకముందే నొక్కేశాను. బోర్డు గాలిలో, చిట్టి గాలిలో, కింద దాని నీడ! చూసి తువ్వాలు దులిపి, "ఇగ నీ అంతట నువ్వు తియ్యి" అన్నారు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఒక్క విషయంలోనే మాకు పేచీ. చిట్టి కళ్లెప్పుడూ బోర్డు మీదే. "కళ్లు కనబడకపోతే అదేం ఫోటో మామయ్యా" అంటే, "గదేమన్నా పెండ్లిపిల్లనా, ఇటు సూడుమనెటందుకు? పిలవకు. పడ్తది" అన్నారు. రెండుసార్లు చెప్పారు.

ఆ తర్వాత ఒక సాయంత్రం, ఎండ చిట్టి మొహం మీద బంగారంలా పడుతోంది. మామయ్య కల్లం అవతల బస్తాల మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. చిట్టి గీత దగ్గర లేచింది. నా బుద్ధి గడ్డి తిని, "చిట్టీ, ఇటు చూడవే!" అని అరిచాను. చూసింది. నొక్కాను. అది పడ్డ చప్పుడు ఎలా ఉందో ఇక్కడ రాయలేను. మణికట్టు రెండు చోట్ల విరిగింది.

మావారు డ్యూటీ నుంచి నేరుగా దవాఖానకు వచ్చారు. "ఎట్ల పడ్డది?" అని నన్నే అడిగారు.

"నేనే పిలిచిన్రా" అన్నారు మామయ్య. "ఇటు సూడమ్మా అన్న. ఏండ్ల అలవాటాయె, నోరు ఊకోలే."

"నీకు సోయి ఉన్నదా నాయినా? పిల్ల గాలిలుంటే పిలుస్తవా?" అని మావారు అందరి ముందూ అరిచారు. చిట్టి నావైపు చూసింది. దానికి తెలుసు. తర్వాత "తాత గట్లెందుకు చెప్పిండమ్మా" అని అడిగితే, "నువ్వు ఊరుకో" అన్నాను. కన్నపిల్లతో అలా అన్నాను.

మావారు తండ్రితో మాట్లాడడం మానేశారు. వారం తిరక్కుండా మామయ్య బ్యాగు సర్దుకున్నారు. ఆటో దగ్గర, "ఎందుకలా చెప్పారు మామయ్యా?" అన్నాను. "నన్ను తిడితే నాలుగొద్దులుంటది. నిన్ను తిడితే నీ కెమెరా బాయె, పిల్ల ఆట బాయె" అన్నారు. ఆటో ఎక్కాక, "గా రోజు ఫోటో సూసిన బిడ్డా. మంచిగొచ్చింది. ఇప్పుడే ఎవరికి సూపియ్యకు" అన్నారు.

ఆయనన్న నాలుగు రోజులు రెండు నెలలయ్యాయి. ఈ రోజు చెబుదాం, అన్నం తిన్నాక చెబుదాం, రేపు సెలవు కదా రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. మావారు ఫోన్లో "మందులేసుకుంటున్నవా" అని పెట్టేసేవారు. ఒక్కసారీ వెళ్లలేదు.

ఆయన పోయినప్పటి నుంచి కంప్యూటర్ ముందు కూర్చుంటే వెనక "ఊఁ" అని వినిపిస్తుంది. తిరిగి చూస్తే కొక్కేనికి చొక్కా. దానికి నాకు భయం లేదు, ఆయనొచ్చారనే అనుకుంటాను. నన్ను తరిమేది నా గొంతే. కుక్కర్ కూత పెట్టినా, వీధిలో ఎవరు ఎవరిని పిలిచినా, "ఇటు చూడవే" అనే నా అరుపే చెవిలో పడుతోంది.

దినాలకు ముందు మావారు, "నాయినది మొన్న మొన్నటి ఫోటో ఒకటి తియ్యి, ఫ్రేమ్ కట్టియ్యాలె" అన్నారు. మొన్నటిది నా దగ్గర ఒక్కటే ఉంది. తెరిచాను. చిట్టి గాలిలో, కళ్లు సూటిగా కెమెరాలోకి, అంటే నాలోకి. వెనక దూరంగా బస్తాల మీద మామయ్య, పెదాల దగ్గర చాయ్ గ్లాసు. ఆయనొక్కరినే కత్తిరించాను. గ్లాసు చెరిపేశాను. దాని వెనక నోరు లేదు కదా, పాత ఫోటోలోంచి నోరు తెచ్చి అతికించాను. వెనక నీలం రంగు వేశాను. పది నిమిషాల పని. ఎవరూ కనిపెట్టలేరు. ఆ అతికించిన నోటి వైపు చూశాను. చచ్చిపోయాక కూడా ఆ మనిషి నోరు మూయిస్తున్నాను! చేసిందంతా తీసేసి, మావారిని పిలిచి, మొత్తం ఫోటో చూపించాను.

ముందు పిల్లను చూశారు. తర్వాత వెనకున్న బస్తాల వైపు.

"నాయిన చాయ్ తాగుతుండు గదా" అన్నారు. తర్వాత, "మరి పిలిచిందెవరు?"

"నేను" అన్నాను.

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. మౌస్ నా చేతిలోంచి తీసుకుని తండ్రి మొహాన్ని పెద్దది చేశారు. ఇంకా పెద్దది చేశారు. కళ్లు, గ్లాసు, చెంపల మీద నెరిసిన గడ్డం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి తెర మీద బూడిదరంగు గళ్లు మాత్రమే మిగిలాయి. అప్పటికీ ఆపలేదు. ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి నొక్కుతూనే ఉన్నారు.