తాండ్ర చాప మీద ఎడారి దుమ్ము

ఈ వేసవిలో మా తమ్ముడి కూతురు విశాఖపట్నం నుంచి వచ్చి, వసారాలో కూర్చుని తన కంప్యూటరు తెరిచినప్పుడు, అందులో కదులుతున్న గోధుమరంగు పొగ చూసి నా చెయ్యి మామిడి రసం గిన్నెలోనే ఆగిపోయింది. రాజస్థాన్ ఎడారిలో లేచిన దుమ్మట అది. గాలి దాన్ని ఎటు మోసుకుపోతుందో, ఎక్కడ దింపుతుందో లెక్కకట్టడమే ఆ పిల్ల చదువు. ఆకాశాన్ని ఇటుకలు పేర్చినట్టు గళ్ళు గళ్ళుగా కోసి, ఏ గడిలో గాలి ఎంత, ఎండు ఇసుక ఎంత లేచింది, వాన ఎంత కడిగేసింది అని కంప్యూటరు చేత లెక్కలు చేయిస్తారట. పాత ఏళ్ళ గాలుల కొలతలు కూడా దాచి ఉంటారు కాబట్టి, గడిచిపోయిన రోజుల్ని మళ్ళీ నడిపి చూడొచ్చునంది. నా చదువు ఐదో తరగతి దాటలేదు గానీ, ఆ చివరి మాట మాత్రం సూటిగా వచ్చి గుండెల్లో తగిలింది.

"అయితే మీ అమ్మానాన్నల పెళ్ళి మర్నాడు ఏటయిందో సూడే" అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలి. మన ఈడు ఆడవాళ్ళకి తాండ్ర సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చాప మీద రసం పలచగా పోసి, అది ఎండాక మరో పూత, మర్నాడు ఇంకొకటి, అలా వేసవి సగం కరిగేదాకా పొర మీద పొర పెంచుతూ, ఈగల్నీ కాకుల్నీ పిల్లల్నీ కాసుకుంటూ కూర్చోవడం. శృంగవరపుకోట దగ్గర మా అత్తవారింట్లో ఆ చాప మా అత్తగారి రాజ్యం. కాపరానికొచ్చిన కొన్నేళ్ళకి గానీ నా చేతికి వదల్లేదు. వదిలిన ఏడే ఆమదాలవలసలో మా తమ్ముడి పెళ్ళి. మర్నాడు పొద్దున్నే ఇంటికొచ్చి, పెళ్ళి చీర మార్చుకుని, వాకిట్లో కళ్ళాపి చల్లి, ఊడ్చి, ఆ తర్వాతే పూత పోశాను. ఆకు కదల్లేదు. మధ్యాహ్నానికి మబ్బు లేకుండానే ఆకాశం బూడిదరంగుకి తిరిగి, సూర్యుడు తోమని ఇత్తడి పళ్ళెంలా అయిపోయాడు. సాయంత్రానికి తడి పూత మీద జల్లెడ పట్టినట్టు సన్నటి పొడి.

తోట నుంచి వచ్చిన అత్తగారు వేలితో రాసి చూసింది. చల్లిన నీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి. ఆ వారం ఊళ్ళో మరెవరి చాపా ఎండలో లేదు. ఇక నాకు సాక్ష్యం ఎవరు?

"ఏటే, పెళ్ళి నిద్ర తీరనేదేటి? నీళ్ళు సల్లకుండానే ఊడ్సీసినావు."

"సల్లినానత్తా!"

"సల్లితే ఈ దుమ్ము ఆకాశంలోంచి ఊడిపడ్డాదేటి?"

నిజంగా అక్కణ్ణించే ఊడిపడిందని అప్పుడు నాకు మాత్రం ఏం తెలుసు? ఆ తాండ్రంతా పశువుల పాలైంది. నేను ఏడవలేదు. చివరి కోతలో మిగిలిన పీచు కాయలు ఏరుకొచ్చి, మొదటి పూత నుంచి మళ్ళీ మొదలుపెట్టి, తొలకరి పడేలోగా చాప నిండా తాండ్ర తీశాను. అత్తగారు బాగుందంది గానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అప్పట్నుంచి ప్రతి వేసవీ నేను రసం గిన్నె ముట్టుకోగానే ఇంటి లోపల్నుంచి ఒకటే కేక, "నీళ్ళు సల్లినావేటే?" అని.

మేనకోడలు మొదటిసారి నడిపిన లెక్కలో దుమ్మంతా ఉత్తరాదికి పోయింది, మా వైపు రానేలేదు. నా ముఖం చూసి అది తల దించుకుంది.

"రాపోతే రాలేదనే సెప్పు. నాకోసం లెక్క తిప్పకు" అన్నాను.

"తిప్పనత్తా. గళ్ళు మరీ పెద్దవైపోనాయి. మన కొండలన్నీ వాటిలో సదునైపోనాయి. సన్నగా కోసి సూస్తాను, అప్పుడూ రాపోతే రానట్టే."

ఆ పిల్లకీ నా పట్టుదలే వచ్చింది. వెళ్ళి వారాల తరబడి కూర్చుంది. లెక్క మధ్యలో ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి. మా తాండ్ర సగానికి పెరిగేసరికి తిరిగొచ్చి, ఇప్పుడు మంచం పట్టిన మా అత్తగారి పక్కనే కంప్యూటరు పెట్టింది. గోధుమరంగు తెర పడమట లేచి, దేశమంతా ఈదుకొచ్చి, కొండలు దాటి, ఆ మధ్యాహ్నం మా వైపు దిగింది.

"మన మీదకి వచ్చిందని సెప్పగలను. మీ సాప మీద పడిందదేనని మాత్రం సెప్పలేను" అంది మేనకోడలు, నిక్కచ్చిగా.

అత్తగారు తెర మీది ఆ గోధుమరంగుని వేలితో రాసి చూసింది.

"ఆ ఎడారంత పెద్ద వాకిట్లో ఎవులూ నీళ్ళు సల్లరేటి?" అని, తర్వాత నా వైపు తిరిగింది. "సల్లినావులేయే. గుడ్డ కప్పుంటే బాగుణ్ణు."

ఇప్పుడు మా వాకిలి సిమెంటుది. చాప మీద వల గుడ్డ ఉంది. ఎడారిలో దుమ్ము లేస్తే అది ఇక్కడికి రాకముందే మేనకోడలు ఫోను చేస్తుంది. గెలిచాననే అనుకున్నాను. కానీ ఆ రోజు నుంచి అత్తగారు ఆ మాట అడగడం మానేసింది. పొద్దున్నే రసం గిన్నె ఎత్తి, ఆ సిమెంటు మీదే ఇన్ని నీళ్ళు చల్లి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. లోపల్నుంచి ఏమీ వినబడదు. అప్పుడు పూత పోస్తాను.