ఎర్ర నూలు కట్టిన సీస

నల్లగొండలో ఆరోగ్యశాఖ గుమాస్తాగా చేరిన కొత్తలో నాకు లెక్కలు బాగా వచ్చునన్న పేరుండేది. ఆ పేరు పెట్టుకున్నదీ నేనే. ఒకరోజు మా పెద్దసారు పిలిచి, జిల్లాలో ఏ దవాఖాన సర్కారు సొమ్మును సరిగ్గా వాడుతున్నదో, ఏది దుబారా చేస్తున్నదో తేల్చమన్నారు. దుబారా చేసేదానికి వచ్చే ఏడాది మందులు సగానికి కోస్తారట.

మందుల ఖర్చును వచ్చిన రోగుల సంఖ్యతో భాగిస్తే సరిపోతుందని నేనే కనిపెట్టాను. మర్రిగూడ వైపు దవాఖాన పొదుపుగా తేలింది. అన్నిటికన్నా అధ్వానంగా తేలింది మోత్కూరు దిక్కున మా ఊరివాళ్లు పోయే దవాఖానే. రోగులు తక్కువ, మందు మాత్రం కడవలకొద్దీ. సొంత ఊరని కూడా చూడకుండా దాని కింద గీత గీసి, హరిశ్చంద్రుడి తమ్ముడినైనట్టు పొంగిపోయాను. కాగితం సారు బల్ల మీద పెట్టి, సెలవు మీద ఊరికి పోయాను.

మాది నేతవాళ్ల ఇల్లు. అవ్వ గడప దగ్గర దగ్గుతూ కూర్చుని ఉంది.

"యాళ్లకే వచ్చినవ్ బిడ్డా. ఇయ్యాల వంతు మనది. మీ నాయిన మగ్గం దిగితే చీర ఆగుతది. జర సీసలు పట్టుకపో" అంది.

మందుకు సీసలు రోగులే తెచ్చుకునే కాలమది. మగ్గం దిగితే ఆ పూట కూలి పోతుంది కాబట్టి, వంతులవారీగా ఒక్కరే పోయి వాడకట్టు మొత్తానికి మందు తెచ్చేవారు. ఎవరి సీస ఏదో తెలియడానికి మెడకు రంగు నూలు కట్టేవారు. ఎర్ర నూలు మాది. చిన్నప్పుడు ఆ సంచి మోసీ మోసీ నా భుజం కాయలు కాసింది. అయినా భాగహారం చేసేటప్పుడు గుర్తు రాలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అది నా గురించే.

దవాఖానలో కంపౌండర్ నా పేరు రాసుకుని సంచిలోని సీసలన్నీ నింపాడు.

"ఒక్క పేరే రాసినవేంది?" అన్నాను.

"వచ్చింది మీరొక్కరే గద సారూ" అన్నాడు.

వాడకట్టులో ఎవరి సీస వాళ్లకు ఇచ్చేశాను. మర్నాడు మొదటి బస్సుకే నల్లగొండ చేరాను. సంతకం పెట్టడానికి సారు అప్పటికే కలం తీశారు. లెక్క తప్పని చెప్పాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఒక్కడే అంత మందు ఎట్లా తాగుతున్నాడా అని నేనూ అనుకున్నాను. ఎవరయ్యా ఆ మనిషి?" అన్నారు.

"నిన్నటికైతే నేనే సార్."

సంగతంతా విని, ఇకనుంచి మనుషుల్ని కాదు, సీసల్ని లెక్కపెట్టమని కాగితం నా చేతికే తిరిగిచ్చారు. మందుల కోత ఆగింది. లెక్కల్లో నా పేరూ అక్కడితోనే ఆగింది.

తర్వాత ఊరికి పోయినప్పుడు, మందు సగమయ్యేదే, ఎట్లాగో తప్పిందని అవ్వకు చెప్పాను. ఎర్ర నూలు సీసలోంచి ఒక గుక్క తాగి, "ఎవడురా గట్ల రాసినోడు?" అంది.

"ఎవడో గుమాస్తా అవ్వా."

అవ్వ దగ్గు తగ్గేదాకా ఆగి, "పాపం, వానికి అవ్వ లేదేమో" అంది.