వీరుడి మీద పోసిన నీళ్ళు

కథను సినిమాగా తీస్తే ఎలా తీయాలి, వీరుడు కథలో ఉన్నట్టే ఉండాలా, చూసేవాళ్ళు మెచ్చేటట్టు మారాలా అని మా ఇంట్లో మనవళ్ళు వాదించుకుంటుంటే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోతాను. అవ్వకు సినిమాలంటే గిట్టవు అనుకుంటారు. అనుకోనీ. ఆ వాదన వాళ్ళు పుట్టకముందే విన్నాను నేను. మా నాయన వేషాన్ని మింగిన వాదన అది.

మాది మార్కాపురానికి పడమట, బండి కడితే పూటంతా పట్టే పల్లె. అప్పట్లో మేము కర్నూలు జిల్లా కింద, కర్నూలు మద్రాసు కింద, మద్రాసు తెల్లదొర కింద. వాన మాత్రం ఎవరి కిందా లేదు. అన్నీ మెట్ట చేలు. సజ్జ, కొర్ర, ఆముదం. కార్తెలు దాటిపోయినా చినుకు రాలకపోతే ఊళ్ళో వీరుడి ఆట ఆడించేవారు.

ఆ వీరుడి పేరు మా ఊళ్ళో ఎవరూ పలకరు. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తాడట, వచ్చి పని చూపించమంటాడట. అందుకని ఉత్త వీరుడే. నల్లమలలో ఒక కొండ అడ్డుపడి వాగు మా వైపు రాకుండా ఆగిపోతే, ఆ కొండకు భుజం ఆనించి తోసి, నీళ్ళు వదిలిపెట్టి, అదే కొండ కింద పడి చచ్చిపోయినవాడు. కథ అంతే. ఆ వేషం మా ఇంటిది. మా తాత కట్టాడు, తర్వాత మా నాయన కట్టాడు.

మామూలు రోజుల్లో మా నాయన ఉన్నాడా లేడా అని కూడా ఎవరూ చూడరు. సన్నటి మనిషి. పంచాయితీ జరిగితే గోడకు ఆనుకుని వెనక కూర్చుంటాడు, అడిగితేనే మాట్లాడతాడు, ఎవరూ అడగరు. కానీ ముఖానికి పచ్చటి పసుపు రంగు అర్దళం పూసుకుని, పొణికి చెక్క కిరీటం పెట్టుకుని బయటికి వస్తే మునసబు కూడా లేచి నిలబడేవాడు. నాకు ఆ ఒక్కరోజు కోసమే పుట్టానా అనిపించేది. ఏడాదంతా నన్ను "ఏయ్ అమ్మీ" అని పిలిచేవాళ్ళు ఆ రోజు "వీరుడి కూతురు" అనేవారు.

ఆట దీపాలు పెట్టిన వేళ మొదలై తెల్లవారేదాకా సాగేది. తెలతెలవారుతుండగా కొండ ఘట్టం. కొండంటే నల్ల గొంగళ్ళు కలిపి కుట్టిన పెద్ద దుప్పటి. దాని కింద ఊళ్ళో కండ ఉన్న మగవాళ్ళు దూరి, భుజాలు కలిపి నిలబడతారు. ఉత్తుత్తికి కాదు సుమా. వీరుడికి సులువుగా దారి ఇస్తే వాన కూడా అంత సులువుగా ఊరు దాటిపోతుందని నమ్మకం. అందుకని ఒళ్ళంతా బిగబట్టి ఎదురు తోస్తారు. మా నాయన నిజంగా తోయాలి. అర్దళం చెమటకు కారిపోయేది, మెడ నరాలు తేలేవి. ఆ సన్నటి మనిషికి అంత బలం ఎక్కడినుంచి వచ్చేదో ఇప్పటికీ నాకు తెలియదు.

కొండ కూలాక వీరుడు చచ్చి పడుకుంటాడు. అప్పుడు ఇంటింటి నుంచి కడవ తెచ్చి ఆయన మీద పోస్తారు. మొదటి కడవ వేషగాడి ఇంటి ఆడపిల్లది, అంటే నాది. చచ్చిన వీరుడు కదలకూడదు. ముక్కులోకి నీళ్ళు పోయినా పలకకూడదు. ఆ నీళ్ళు ఎంతదూరం పారితే అంత వాన.

నేను చెప్పే ఆ ఏడు ఊరి బావి అడుగు తేలింది. ఆడవాళ్ళం వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, కొబ్బరి చిప్పతో ఊరిన నీళ్ళు ఊరినట్టు తోడుకునేవాళ్ళం. కడవ నిండేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చేది. సరిగ్గా అప్పుడే మార్కాపురంలో టూరింగు టాకీసు డేరా దిగింది. మా అమ్మ తమ్ముడు, మా మామ, అక్కడ పలకల దుకాణంలో పని చేసేవాడు. పరుగున వచ్చి మా వసారాలో కూలబడ్డాడు.

"బావా, మన వీరుడి కథను బొమ్మ తీసినారు! మద్రాసోళ్ళు! ఏం చెప్పమంటావు, గాల్లో ఎగిరినాడు. ఒంటి చెయ్యి ఇట్ల ఎత్తినాడో లేదో, కొండ ఫెళఫెళా ఇరిగిపోయింది. మన గొంగడి కొండ దాని ముందర ఏపాటిది!"

నాయన కిరీటానికి ఊడిన అద్దం ముక్క అతికిస్తున్నాడు. అతుకు మీదే వేలు అదిమి పట్టాడు. పక్కన ఉన్న పెదనాయన, అంటే మా నాయన అన్న, ఊరుకునే రకం కాదు. ఆటలో పాట ఎత్తేది ఆయనే.

"ఎగిరేటోడికి కొండ తోసే ఖర్మ ఏందిరా? ఎగిరి అవతల దిగి, నీళ్ళు తాగి, ఇంటికి పోతాడు గదా!"

"నువ్వు సూడకుండానే మాట్లాడతాండావు పెద్దబావా."

"అదంతా వద్దు. చచ్చినాడా లేదా, అది చెప్పు."

మామ కొంచెం నసిగాడు. "చావడు. రాజు కూతుర్ని పెండ్లాడతాడు."

"థూ! చావనోడు వీరుడేందిరా?"

"డేరా కాడికి ఏడ్చేదానికి పోతారా ఎవరైనా? ఏడ్చేదానికి మన ఇండ్లు లేవా?"

ఆ మాటకు పెదనాయన తుండు దులుపుకుని లేచిపోయాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నేను ఇప్పటికీ కాదనలేను.

ఇక చూడండి ఊరు. బండ్లు కట్టుకుని పోయి బొమ్మ చూసొచ్చినవాళ్ళు ఒక పక్షం, చూడకుండానే తిట్టేవాళ్ళు ఇంకో పక్షం. ఎగరడం కథలో లేదని వీళ్ళు, లేకపోతే ఏం పోయింది, ఉంటే బాగుండేది గదా అని వాళ్ళు. చెలమ దగ్గర ఆడవాళ్ళు కూడా వీరుడి మీసం గురించి కొట్టుకున్నారు. బొమ్మలో ఆయనకు మీసం లేదట. మా అమ్మకు ఒళ్ళు మండింది. "ఇల్లు కాలి ఒకడేడుస్తాంటే చుట్టకు నిప్పడిగినాడంట ఇంకొకడు. గొంతు తడుపుకునేదానికి గతి లేదు, వీళ్ళకు మీసం కావల్లంట!" అని చిప్ప ఇసుకలో విసిరికొట్టింది. మళ్ళీ తనే వెతుక్కుని తెచ్చుకుంది.

చివరికి అందరూ కలిసి ఒక తీర్మానానికి వచ్చారు. వేషం కట్టేవాడికంటే వీరుడి సంగతి ఎవరికి తెలుసు? ఆయననే తీసుకుపోయి చూపిద్దాం, ఆయన ఏమంటే అదే. మా నాయనను బండెక్కించారు. నేను ఏడ్చి గోల చేస్తే నన్నూ ఎక్కించుకున్నారు.

డేరాలో అందరూ తెర చూస్తుంటే నేను నాయనను చూశాను. ఆ వెలుగు ముఖం మీద పడుతూ పోతూ ఉంది. తెరమీద కొండ విరిగినప్పుడు జనం ఈలలు వేశారు. నాయన కుడి భుజం తనకు తెలియకుండానే ముందుకు వంగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. బయటికి రాగానే ఊరి వాళ్ళంతా చుట్టూ మూగారు. పెదనాయన గట్టిగా దగ్గాడు, తమ్ముడు తన మాట నిలబెట్టాలని.

"బాగుంది," అన్నాడు నాయన. "అట్లనే తోసుంటాడు. నేనెప్పుడూ అంత బాగ తోయలేదు."

"ఏందిరా ఆ మాట?" అన్నాడు పెదనాయన.

"ఉన్నమాట. చెమటొక్కటి పట్టలేదు గానీ."

ఆ చివరి మాట ఎవరూ చెవిన పెట్టలేదు. మామ పక్షం వాళ్ళు అప్పటికే ఎగిరి గంతేశారు. నాకు నాయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. తన కోసం ఊరు సగం నోరు పారేసుకుంటుంటే ఈయన పోయి అవతలివాడి పక్కన నిలబడ్డాడు. దారంతా బండిలో ఆయనకు వీపు తిప్పి పడుకున్నాను. ఆయన మాత్రం నేను నిద్రపోతున్నాననుకుని తన పైపంచ తీసి నా మీద కప్పాడు.

ఇక ఆపేదెవరు? వీరుడి ఇంటివాడే బొమ్మ వీరుడు మేలన్నాక, ఈ ఏడు వానకు ఆట ఎందుకు, బొమ్మనే ఊళ్ళోకి తెప్పిద్దామన్నారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు పెదనాయన ఒక్కడే అడ్డం తిరిగాడు. "బొమ్మకు వానేం తెలుసురా?" అన్నాడు. "బొమ్మలో వాన పడింది గదా, నువ్వే సూడలేదు," అన్నారు. తలా ఇంత వేసుకుని, డేరా ఆయన కాళ్ళావేళ్ళా పడి, ఇంజనూ మిషనూ బండ్ల మీద తెచ్చారు. నూర్పిడి కళ్ళంలో తెర కట్టారు. మిషనుకు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్ళు లోపలికి పోతాయని డేరా ఆయన లబోదిబోమన్నాడు.

బొమ్మ చివరి పాటకు వచ్చింది. వీరుడు రాజు కూతురి చెయ్యి పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఆడవాళ్ళు కడవలు ఎత్తుకుని లేచారు. లేచి ఎటు పోవాలో తెలియక నిలబడిపోయారు. చచ్చినవాడు ఉంటే గదా పోయడానికి! మునసబు ఒక క్షణం తల గోక్కుని, "తెర మీద పోయండమ్మా, వీరుడు దాంట్లోనే గదా ఉండేది," అన్నాడు.

పోశారు. చెలమలో చిప్ప చిప్ప తోడిన నీళ్ళు, పిల్లల నోళ్ళు కట్టి దాచిన నీళ్ళు, తెల్లగుడ్డ మీద విసిరి కొట్టారు. డేరా ఆయన "అయ్యో నా తెర! మీ ఊరు తగలబడ!" అని అడ్డం పడితే ఆయన మీద కూడా పడ్డాయి. నవ్వొచ్చే సంగతే, నాకు తెలుసు. నవ్వుకోండి. తడిసిన తెర మీద వీరుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉంది మా పని. ఆ గుడ్డ నీళ్ళన్నీ తాగేసింది, నేల మీదికి ధార కూడా పారలేదు. మా అమ్మ మాత్రం కడవ దించలేదు, "మా ఇంటి నీళ్ళు మా ఇంటాయనకే," అని వెనక్కి తెచ్చుకుంది.

వాన పడలేదు. పుష్యమి కార్తె పోయింది, మఖ పోయింది. చల్లిన గింజలు చీమలు ఎత్తుకుపోయాయి. పశువులను తోలుకుని కొన్ని కుటుంబాలు గిద్దలూరు వైపు అడవి అంచుకు వెళ్ళిపోయాయి. అప్పుడు వచ్చారు మా వసారాలోకి. మునసబు, ఆయన వెనక తల వంచుకుని మా మామ.

"ఆట కట్టు బావా," అన్నాడు మామ. "తప్పయిపోయింది."

నాయన కిరీటం వైపు చూశాడు. "నాతో ఏమైతదిరా ఇప్పుడు?" అన్నాడు. అయినా కట్టాడు. ఊరు అడిగితే కాదనడం ఆయనకు చేతకాదు.

నేను ఆ రోజంతా మొక్కుకున్నాను. వాన కోసం కాదు, అబద్ధమెందుకు. మా నాయన మళ్ళీ వీరుడు కావాలని, ఆయన బయటికి రాగానే అందరూ లేచి నిలబడాలని. లేచారు. కానీ ఒకళ్ళను చూసి ఒకళ్ళు లేచారు. పెదనాయన గొంతు పగిలేటట్టు పాడాడు. తూర్పున వెలుగు రాగానే గొంగళ్ళ కొండ లేచింది. నాయన వెనక్కి అడుగు వేసి, ఊపిరి బిగబట్టి, భుజం ఆనించాడు.

కొండ కూలిపోయింది. ఆయన ఇంకా తోయనే లేదు. లోపల మా మామా తక్కిన వాళ్ళూ తిండి లేక ఓపిక చచ్చి ఉన్నారో, నాయన మీద జాలిపడ్డారో, ఇదంతా ఎందుకులే అనుకున్నారో, ముట్టుకోగానే పక్కకు తప్పుకున్నారు. ఎదురు లేక నాయన ముందుకు తూలి, మోకాళ్ళ మీద పడ్డాడు. కిరీటం దొర్లిపోయింది. ముఖం మీద అర్దళం చెదరలేదు. ఒక్క చెమట చుక్క లేదు. పాట మధ్యలో పెదనాయన ఆగిపోయాడు. నాయన ఖాళీ గొంగళ్ళ వైపు చూశాడు, తన భుజం వైపు చూసుకున్నాడు, తర్వాత అక్కడే వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

కడవలు తెచ్చినవాళ్ళు ఎక్కువ మంది లేరు. ఆచారం ప్రకారం ముందు నేనే. మా అమ్మ దాచి దాచి నింపిన కడవ చంకన పెట్టుకుని వెళ్ళి, ఆయన గుండెల మీద వంచాను. నీళ్ళు సగానికి వచ్చాయో లేదో, చచ్చిన వీరుడి పెదవులు కదిలాయి. వంగి ఉన్నాను కాబట్టి నాకొక్కదానికే వినిపించింది.

"చాలు తల్లీ. ఉంచుకో. తాగేదానికి కావల్లి."

ఊరంతా చూస్తుండగా కడవ నిలబెట్టేశాను. మిగిలిన సగం ఇంటికి మోసుకొచ్చాను. ఆ నీళ్ళతో అమ్మ సంకటి కెలికింది. నాయన వచ్చి పీట మీద కూర్చుని, ఆ పసుపు ముఖంతోనే తిన్నాడు. కడుక్కోవడానికి నీళ్ళు లేవు.