పోలయ్య పడవకు డబ్బాల ఫ్లెక్సీ

జువ్వలదిన్నె ఒడ్డున పోలయ్య కొత్త పడవ నీళ్ళలోకి దిగిన రోజున పడవ హాయిగా తేలింది. మునిగింది నేను. ఎలా మునిగానో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. ఇందులో నా తెలివితేటలు దండిగా ఉన్నాయి కాబట్టి నష్టం కూడా అదే స్థాయిలో జరిగింది.

అప్పటికే కావలిలో నా డీటీపీ షాపుకు మంచి పేరుండేది. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు, అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. కంప్యూటర్ మాత్రం ముసలిదైపోయింది. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల పుణ్యమా అని దానికి లేని జబ్బు లేదు. పొద్దున స్విచ్ వేసి, టీ తాగి, పేపరంతా చదివి, పక్క షాపువాడితో రాజకీయాలు మాట్లాడి వస్తే అప్పుడు కళ్ళు తెరిచేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే లినక్స్ అనే ఉచిత సిస్టం గురించి విన్నాను. వైరస్ రాదట, పాత కంప్యూటర్ కూడా పరిగెడుతుందట. ఇక మారడానికి ఎంత శ్రమ, మారితే ఎంత సుఖం అని తూకం వేయడం మొదలుపెట్టాను. నేను వేసే తూకం ఎలా ఉంటుందంటే, నాకు నచ్చిన పళ్ళెం మీద నా బొటనవేలు కూడా ఉంటుంది.

"ఏదో నడస్తా ఉండాది గదా, ఎందుకు కెలకతారు దాన్ని?" అంది మా ఆవిడ సుభాషిణి.

"నడస్తా ఉండాదా? అది లేచేలోపల శుభలేఖ కొట్టించుకున్న పిల్లకి సీమంతం అయిపోతుండాది!"

"మరి మీ తెలుగు అక్షరాలు దాంట్లో వస్తాయా?"

"పాతవి రావు. కొత్తవి ఉండాయి. ఇంకా బాగుంటాయి."

"మీరు కొట్టింది పక్కోళ్ళ కంప్యూటర్లో కనబడద్దా?"

"కనబడక ఏమవద్ది? తెలుగే గదా!"

ఇంత ధీమాగా మాట్లాడినవాడిని మీరు మాత్రం ఆపగలరా? ఒక ఆదివారం పాత సిస్టం మొత్తం తుడిచేసి లినక్స్ ఎక్కించాను. కంప్యూటర్ లేగదూడలా గంతులేసింది. తెలుగు కీబోర్డు మాత్రం మారిపోయింది. నా వేళ్ళు అలవాటు కొద్దీ పాత చోటికే వెళ్ళి, అక్కడ తాళం చూసి వెనక్కి వచ్చేవి. అయినా నాకు దిగులు లేదు. నాలుగు రోజుల్లో సర్దుకుంటాయనుకున్నాను.

ఆ వారమే పోలయ్య వచ్చాడు.

"అన్నా, కొత్త పడవ దింపతా ఉండా. ఫ్లెక్సీ కావాల. ఫొటోలొద్దు. నా ఫొటో చిన్నదంటే నా ఫొటో చిన్నదని పోయినసారి కొట్టుకున్నారు. పడవ బొమ్మ, కింద పేర్లు, అంతే. పైన మొట్టమొదట మా అన్న కోటయ్య పేరుండాల."

కోటయ్యకూ పోలయ్యకూ పాత పడవ వాటాల దగ్గర మాటలు పోయాయి. ఒకరి ఇంటి గడప ఒకరు తొక్కడం లేదు. కానీ ఇంటి పెద్దవాడి చెయ్యి పడకుండా కొత్త పడవను నీళ్ళలోకి నెట్టనని పోలయ్య పట్టు. మధ్యవర్తులు వెళ్ళి బతిమాలితే, "ఫ్లెక్సీలో నా పేరు ముందుంటే వస్తా, లేదంటే రాను" అన్నాడట కోటయ్య. ఇటు పోలయ్య బావమరిది శీనయ్యేమో, ఇంజను ఇప్పించింది తనే కాబట్టి తన పేరే ముందుండాలని అలిగి కూర్చున్నాడు.

"శీనయ్యకి నేను సర్దిచెప్పుకుంటాలే. మా అన్న రాకపోతే మాత్రం ఇంక జన్మలో కలవం అన్నా. ఆ పేరు బాగా కనబడాల," అన్నాడు పోలయ్య. 

"ఆకాశం నుంచి చూసినా కనబడద్ది. పో," అన్నాను.

డిజైన్ అద్భుతంగా వచ్చింది. నా షాపులో ఫ్లెక్సీ మిషన్ లేదు, ఫైలు నెల్లూరులో ప్రెస్‌కి పంపిస్తే వాళ్ళు ప్రింటు తీసి బస్సులో వేస్తారు. ఫైలు పంపిన కాసేపటికి అక్కడి ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"అన్నా, నీ కొత్త అక్షరాలు మా సిస్టంలో లేవు, పేర్లు రాలేదు. అన్నీ డబ్బాలు డబ్బాలుగా కనబడతా ఉండాయి. బొమ్మగా మార్చి పంపించు."

అయ్యా, దేవుడు నాకిచ్చిన చివరి అవకాశం అది. నేనేమన్నానో తెలుసా?

"నీ సిస్టం పాతది గదబ్బాయ్, దానికి కనబడవు. లోపల అక్షరాలు భద్రంగా ఉండాయి. ప్రింటులో వస్తాయి, కొట్టెయ్!"

పాపం, నా గొంతులోని నమ్మకం విని అతనికే తన చదువు మీద అనుమానం వచ్చినట్టుంది. కొట్టేశాడు.

పడవ దించే రోజు పొద్దున ఫ్లెక్సీ చుట్టను బస్సు దగ్గర తీసుకుని, విప్పకుండానే బండి మీద పెట్టుకుని జువ్వలదిన్నె వెళ్ళాను. ఒడ్డున ఊరంతా ఉంది. పడవకు పసుపు కుంకుమలు, పూలదండలు. చుట్టను చుట్టగానే రెండు వెదురు బొంగులకు కట్టి, విచ్చుకునేలా నేనే స్వయంగా తాడు లాగాను.

పడవ బొమ్మ కళకళలాడుతోంది. దాని కింద, బంగారు రంగులో, వరసగా ఖాళీ డబ్బాలు. ఒక్క అక్షరం లేదు. బాత్‌రూమ్ గోడకు టైల్స్ అతికించినట్టుంది.

పోలయ్య ఫ్లెక్సీని చూశాడు. నన్ను చూశాడు. సముద్రం ఎంత దూరంలో ఉందో చూశాడు. ఇంతలో కోటయ్య రానే వచ్చాడు.

"నా పేరు యాడుండాది?"

"పై వరస డబ్బాలు నీవే అన్నా," అన్నాను. తడుముకోలేదు.

ఆయన తల పంకించి ముందుకెళ్ళగానే శీనయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "నాది యాడుండాది?"

భయంలో మనిషి ఒకే అబద్ధాన్ని రెండుసార్లు వాడతాడు. "పై వరస నీదే."

ఇద్దరూ వెళ్ళి సరిగ్గా ఆ పై వరస కిందే నిలబడ్డారు.

"ఇది నాది," అన్నాడు కోటయ్య.

"నీదెట్టయిద్ది? నాది!" అన్నాడు శీనయ్య.

ఇద్దరూ కలిసి నావైపు తిరిగారు. ఊరు మొత్తం నావైపు తిరిగింది. బండి తాళం ఏ జేబులో ఉందా అని తడుముకుంటున్నాను. అప్పుడు పోలయ్య తల్లి, పండు ముసలావిడ, జనాన్ని తోసుకుంటూ వచ్చి ఫ్లెక్సీని కింద నుంచి పైదాకా చూసింది.

"ఏందిరా, ఎవురికీ చదవడం రాలేదా?"

అందరూ తలలెత్తి మళ్ళీ ఆ డబ్బాలవైపే చూశారు.

"నా బతుకంతా ఏ కాయితం చూసినా నాకు ఇట్టనే కనబడద్ది. చదువురాందాన్ని నేనొక్కదాన్నే అని సిగ్గుపడతా ఉన్నా. ఇయ్యాళ ఊరంతా నా పక్కకొచ్చి నిలబడింది!" అని పగలబడి నవ్వింది.

ముందు కోటయ్య నవ్వాడు. తర్వాత శీనయ్య. నవ్వాపుకోలేక కోటయ్య తమ్ముడి భుజం పట్టుకున్నాడు, పట్టుకున్న చెయ్యి మళ్ళీ తియ్యలేదు. "నెట్టరా పోలా!" అని ముందు తనే పడవ మీద చెయ్యి వేశాడు. పోలయ్య ఏడుస్తూ నెట్టాడు. నేనూ ఏడుస్తూనే నెట్టాను, నాది మాత్రం బతికిపోయానన్న ఏడుపు.

ఇప్పటికీ నేను లినక్సే వాడుతున్నాను, భేషుగ్గా ఉంది. అయితే సముద్రం సాక్షిగా, ఆ అవ్వ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట చుట్ట విప్పి చూడకుండా ఫ్లెక్సీ కట్టను, కనబడటం లేదన్నవాడితో కనబడుతుందని వాదించను. వాదించక తప్పని పరిస్థితే వస్తే, పై వరస డబ్బాలను ఒక్కరికే ఇస్తాను.