తిరిగి పలకని మాట

మా మామయ్య పోయారని తెలియగానే ఆత్మకూరు బజారులో పక్క కొట్లవాళ్లు షట్టర్లు సగానికి దించారు. ఆ రోజు నేను కుమిలి కుమిలి ఏడ్చాను. కర్మ నాటి సాయంత్రానికి ఆ ఏడుపు కోపమైంది. రెండూ ఆయన గురించే.

"వంటింట్లో మగ్గొద్దమ్మా, కొట్లోకి రా" అని కోడలినైన నన్ను పిలిచి, తన కిరాణా హోల్‌సేల్ కొట్లో తన పక్కనే కుర్చీ వేయించింది ఆయనే. గిరాకీలు అడిగినదాన్ని పైకి తిరిగి పలకడం ఆయన పద్ధతి. "కందిపప్పు ఐదు, చింతపండు రెండు" అని ఆయన గొంతు పలికాకే కాటా దగ్గర సరుకు కదిలేది. "తిరిగి చెప్పకుంటే విన్నట్టు కాదమ్మా" అనేవారు. నలుగురు ఒకేసారి అరిచినా ఎవరిది వాళ్లకు అప్పజెప్పేవారు. నాకు వ్యాపారం వచ్చిందంటే ఆ కుర్చీలోనే వచ్చింది.

తర్వాత్తర్వాత గోలలో మాటలు ఆయనకు విడివిడిగా అందడం మానేశాయి. చెవులు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. ఇద్దరు మాట్లాడితే ఒకరి మీద ధ్యాస నిలవడం లేదట. నెల్లూరులో తలకు అయస్కాంతపు తీగచుట్ట ఆనించి, మెదడును తట్టి, వినేటప్పటి ధ్యాస ఎంత మారుతుందో పరీక్షిస్తున్నారని తెలిసి అందులో చేరారు. కొందరికి నిజమైన అయస్కాంతం, కొందరికి టకటక చప్పుడు మాత్రమే చేసే ఉత్తిది. ఎవరికి ఏదో ఆఖరున గానీ చెప్పరు. సంగం మీదుగా బస్సులో నేనే తీసుకెళ్లేదాన్ని. రెండు చెవుల్లో రెండు గొంతులు వినిపించి, ఒకదాన్నే పట్టుకోమనేవారు. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని కూర్చునేవారు. ఆఖరిసారి మాత్రం ఆయన మేనల్లుడు తోడెళ్లాడు. వస్తూనే మామయ్య "నాకు పెట్టింది అసలుదేనంట. బాగైపోయినాదమ్మా" అని ఇంటిల్లిపాదికీ మైసూరుపాకు పంచారు.

పండగ ముందు, కొట్టు కిటకిటలాడుతుండగా ధైర్యం చేసి అడిగాను. "మామయ్యా, ఉదయగిరిలో పెట్టబోయే కొట్టు నేను నడుపుతాను. నాకియ్యండి." ఆయన నవ్వి, "అట్నేలేమ్మా" అన్నారు. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

కొన్నాళ్లకు ఆ కొట్టు మేనల్లుడికి ఇచ్చారు. "మాటిచ్చి తప్పినారే మామయ్యా" అని ముఖం మీదే అడిగాను. తల దించుకున్నారు. అప్పటినుంచి అన్నం పెట్టాను, మందులిచ్చాను, మనసు విప్పి మాత్రం మాట్లాడలేదు.

కర్మకు ఉదయగిరి నుంచి వచ్చిన ఆ మేనల్లుడిని, నాకిస్తానన్నది నువ్వెట్లా తీసుకున్నావని నిలదీశాను. వాడు కళ్లు తుడుచుకున్నాడు.

"వదినా, మామకు పెట్టింది ఉత్తిదే. ఆఖరి రోజు డాక్టర్లు నా ముందరే చెప్పినారు. ఎవురికీ చెప్పొద్దని మామ నాచేత ఒట్టేయించుకున్నాడు. ఆ పండగ గోలలో నువ్వడిగింది ఆయనకు అందనే లేదంట."

"మరి నేను నిలదీసినప్పుడన్నా చెప్పొచ్చు గదా?"

"వినపడలేదని తెలిస్తే కొట్లో కూర్చోనియ్యరని భయం. మాట తప్పినోడని అనుకున్నా ఫర్వాలేదన్నాడు."

నన్ను కొట్లోకి పిలిచిన మనిషి నన్నే నమ్మలేదు. చెప్పి ఉంటే పక్కనే కూర్చుని ప్రతి మాటా ఆయన చెవిన వేసేదాన్ని. ఆయన నాకు చేసిన మేలు కాదనను. ఈ మోసం మాత్రం మింగుడు పడడం లేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని గిరాకీలు అడిగింది నేను తిరిగి పలుకుతున్నాను. పలికినప్పుడల్లా ఆ పండగ గోలే కళ్ల ముందుకొస్తుంది. నా పెదాల వైపే చూస్తున్న ఆయన ముఖం, ఆ నవ్వు, ఆ "అట్నేలేమ్మా". సంతోషంలో నేను గమనించలేదు గానీ, ఉదయగిరి అన్న మాట ఆయన నోట రాలేదు.